పాత పుస్తకం తూకానికి కాదు, చేతికి

ఏప్రిల్, మే నెలలు వస్తే మారతహళ్ళిలో ఇళ్ళు మారేవాళ్ళ హడావుడి మొదలవుతుంది. పిల్లల పరీక్షలు అయిపోతాయి, అద్దె ఒప్పందాలు ముగుస్తాయి, ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీకో హైదరాబాదుకో మారుతుంది. మున్నేకొళాల సందుల్లో, తులసి థియేటర్ వెనక వీధుల్లో చిన్న లారీలు ఆగుతాయి. మంచాలు, ఫ్రిజ్జు, గ్యాసు స్టవ్వు ఎక్కుతాయి. ఎక్కకుండా మిగిలేవాటిలో ముందుండేవి పుస్తకాలు. బరువని, చోటు లేదని, ఇక ఎవరు చదువుతారులే అని వాటిని పాత పేపర్ల కొట్టుకు వేస్తారు. మన కన్నడ ఇరుగుపొరుగు గుజరి అంగడి అనే ఆ కొట్లో తెలుగు నవలకూ, నిరుటి పేపరుకూ, అట్టపెట్టెకూ తూకపురాయి ఒకటే.

అదే వాడలో, ఆ కొట్టుకు నాలుగు వీధుల అవతల, బడిలో తెలుగు చదువుతున్న పిల్ల ఉంటుంది. ఆ పిల్లకు తెలుగులో ఉన్నది ఒకే ఒక్క పుస్తకం, పాఠ్యపుస్తకం. దాని పని జూన్‌లో మొదలై మార్చి పరీక్షతో ముగుస్తుంది. ఆ తర్వాత ఇంట్లో తెలుగు అక్షరం ఉన్న వస్తువులంటే తిరుపతి క్యాలెండరు, పెళ్ళి శుభలేఖ, ఊరి నుంచి వచ్చిన పచ్చడి సీసా మీది చీటీ. పుస్తకం ఉన్నవాళ్ళు ఎవరికివ్వాలో తెలియక పారేస్తున్నారు. కావలసినవాళ్ళు దొరక్క చదవడం మానేస్తున్నారు. ఈ రెండు గుమ్మాల మధ్య దూరం చాలాచోట్ల అర కిలోమీటరు కూడా ఉండదు.

మారతహళ్ళి చుట్టుపక్కల ఉంటున్న కొందరు తెలుగు తల్లిదండ్రులం, పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళం, కొంతకాలంగా మాట్లాడుకుంటున్న సంగతి ఇది. భాషా మైనారిటీ బడుల గురించి మాట వచ్చినప్పుడల్లా టీచర్ల ఖాళీలు, పాఠ్యపుస్తకాల ఆలస్యం, తగ్గుతున్న ప్రవేశాలు ముందుకు వస్తాయి. అవన్నీ నిజమైన బాధలే. వాటికి ప్రభుత్వం కదలాలి, అధికారులు సంతకాలు పెట్టాలి. పాత పుస్తకాన్ని పిల్ల చేతికి చేర్చడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు. అందుకే ఈసారి దాని గురించే రాస్తున్నాం.

వెతకబోయిన తీగ

ముందు ఆనందం సంగతి చెప్పుకోవాలి. "పాపం, కొత్తవి కొనలేని పిల్లలు" అని దానంగా ఇచ్చిన పుస్తకం చేరినచోట కూడా దానంలాగే మూలన పడుంటుంది. పాత పుస్తకం రుచి వేరు. ఆ రుచి తెలిసినవాళ్ళు ఇచ్చినప్పుడే అది పిల్లలకు అంటుకుంటుంది.

కొత్త పుస్తకాల షాపుకు పేరు రాసుకుని వెళతాం. పాత పుస్తకాల గుట్ట దగ్గరకు కళ్ళు మాత్రమే తీసుకుని వెళతాం. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్లో, 1985లో కాలిపోక ముందు మద్రాసు మూర్ మార్కెట్లో, తెలుగువాళ్ళు తరాల తరబడి చేసిన పని అదే. ఒక డిటెక్టివ్ నవల కోసం వంగితే దాని కింద అట్ట ఊడిన చందమామ బౌండు కనబడుతుంది. కుటుంబరావు కథల కోసం వెతికితే అంతకు ముందు పేరైనా వినని రచయిత చేతికొస్తాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టుంటుంది. మన చేత మళ్ళీ మళ్ళీ కొనిపించే జాబితాలు మనకు నచ్చినవాటినే చూపిస్తాయి. గుట్ట మాత్రం మన ఇష్టాయిష్టాలు పట్టించుకోదు. అందుకే మన రుచి పెరుగుతుంది.

ఇంకో ఆనందం, పుస్తకంలో రచయితతో పాటు ఇంకొకరు కూడా ఉండటం. మొదటి పేజీలో ఎవరో అక్క తమ్ముడికి రాసిన ఆశీస్సు, ఏదో ఊరి అద్దె లైబ్రరీ గుండ్రటి ముద్ర, మధ్యలో ఎండిన సన్నజాజి, పిల్లలు పెడుతుందని దాచిన నెమలీక. మార్జిన్లో పెన్సిలుతో "అబద్ధం!" అని రాసిన కోపిష్ఠి పాఠకుడు. నాలుగో తరగతి పిల్లకు ఇలాంటి పుస్తకం ఇచ్చి చూడండి. కథకన్నా ముందు ఆ నెమలీక ఎవరిదని అడుగుతుంది. తనకన్నా ముందు ఈ కాగితాల మీద ఇంకొకరి వేళ్ళు తిరిగాయని తెలుసుకుంటుంది. చదవడం మార్కుల కోసం చేసే పని అనుకుంటున్న పిల్లకు, సరదాకు చదివినవాళ్ళు కూడా ఉన్నారని తెలియడం చిన్న విషయం కాదు.

కొన్ని పుస్తకాలైతే ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి. 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చేసి పంపిన బొమ్మల పుస్తకాలు ఒకప్పుడు విశాలాంధ్ర షాపుల్లో చాలా చౌకగా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ పోవడంతో ఆ రావడమూ ఆగింది. కొన్నిటిని తర్వాత ఇక్కడివాళ్ళు మళ్ళీ వేశారు. తక్కినవి ఏ ఇంటి అటక మీద ఉన్నాయో, ఏ కొట్లో తూకానికి పడ్డాయో అన్నట్టే ఉంది.

పంచుకోవడం మనకు కొత్త కాదు

పుస్తకాన్ని చేయి మార్చడం తెలుగువాళ్ళకు ఒకరు వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. మన అమ్మమ్మలు వీక్లీల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం కోసి, దారంతో కుట్టి, అట్ట వేయించి వీధంతా తిప్పారు. చిన్న చిన్న పట్టణాల్లో కూడా అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. యద్దనపూడి నవల ఎవరి దగ్గరుందో కొట్టువాడికి నోటికి వచ్చేది. ఎమెస్కో పాకెట్ పుస్తకం ఒక్కటి పదిళ్ళు తిరిగి, అట్ట లేకుండా సొంతింటికి చేరేది.

దానికి ముందు గ్రంథాలయోద్యమం ఉంది. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం, 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు నడుంకట్టి నిలబెట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, వీటి వెనక ఉన్నవాళ్ళలో చాలామంది ఇంటింటికీ తిరిగి పుస్తకాలు పోగుచేసినవాళ్ళే. 1930లలో పాతూరి నాగభూషణం వంటివారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళాలన్నది వాళ్ళ ఆలోచన. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో కథానిలయం మొదలుపెట్టి, ఎవరెవరి ఇళ్ళలోనో చెదలు తినబోతున్న పాత పత్రికలను ఒక్కచోటికి చేర్చారు. ఇప్పుడు తెలుగు కథ గురించి పరిశోధన చేసేవాళ్ళకు ఆ గుమ్మం ఎక్కక తప్పదు.

వీటిలో ఏదీ పెద్ద డబ్బుతో మొదలుకాలేదు. ఇంట్లో ఉన్న పుస్తకాన్ని గడప దాటించడంతోనే మొదలైంది.

బెంగళూరు కూడా ఇందుకు తక్కువేమీ కాదు. 1945 నుంచి పాత పుస్తకాలమ్ముతున్న సెలెక్ట్ బుక్ షాప్ ఇక్కడిదే. 2001లో మొదలైన బ్లాసమ్ వల్ల చర్చి స్ట్రీట్ దేశమంతటి పుస్తకప్రియులకు తెలిసింది. ఎవెన్యూ రోడ్డులో జూన్ వస్తే పాత పాఠ్యపుస్తకాల కోసం తల్లిదండ్రులు తోసుకుంటారు. గ్రంథాలయ శాస్త్రానికి 1931లో అయిదు సూత్రాలు ఇచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ తన చివరి సంవత్సరాలు గడిపింది ఈ ఊళ్ళోనే. 1962లో ఆయన ఇక్కడ స్థాపించిన శిక్షణ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. పుస్తకం ఉన్నది వాడటానికని, ప్రతి పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడు ఉంటాడని ఆయన చెప్పిన మాటల సారాంశం. తెలుగు రచయితల సమగ్ర రచనలను వెలికితెచ్చిన మనసు ఫౌండేషన్ కూడా బెంగళూరుదే. గురజాడ రచనలన్నీ ఒక్కచోట "గురుజాడలు"గా రావడం వెనక పాత కాగితాలను పట్టుదలగా వెతికిన ఆ శ్రమ ఉంది.

ఇంత ఉన్నా, మారతహళ్ళిలో 335-ఇ బస్సెక్కి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్ళి ఆ షాపుల్లో తెలుగు పుస్తకం వెతికితే తగిలేది అరుదు. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 35 లక్షలకు పైగా ఉన్నారు. అంతమంది ఇళ్ళలోని తెలుగు పుస్తకాలు ఎక్కడికో వెళుతున్నాయి కదా! అవి షాపు దాకా రాకముందే గుజ్జు కావడానికి వెళుతున్నాయని మా అనుమానం.

పాఠం ఇవ్వలేనిది

పాఠ్యపుస్తకం ఒకే రకం తెలుగు నేర్పుతుంది. అది దాని తప్పు కాదు. కానీ మన బడుల్లో కూర్చున్న పిల్లల తెలుగు ఒకటి కాదు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కోలారు, బాగేపల్లి వైపు కుటుంబాల తెలుగు వేరు. అనంతపురం, కర్నూలు నుంచి కట్టుబడి పనులకు వచ్చినవాళ్ళది వేరు. గుంటూరు నుంచి, శ్రీకాకుళం నుంచి సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు వచ్చినవాళ్ళది మరొకటి. తన ఇంటి మాట పుస్తకంలో ఎక్కడా కనబడకపోతే, తాను మాట్లాడేది తెలుగే కాదేమో అని పిల్లవాడికి అనిపిస్తుంది. క్రమంగా నోరు విప్పడం మానేస్తాడు.

అదే పిల్లవాడి చేతికి నామిని సుబ్రహ్మణ్యం నాయుడి కథలు వస్తే? చిత్తూరు జిల్లా పల్లె మాట అచ్చులో చూసి ముందు నవ్వుతాడు, తర్వాత గట్టిగా చదివి వినిపిస్తాడు. స.వెం. రమేశ్ "ప్రళయకావేరి కథలు" చదివితే, రాష్ట్రం గీత అవతల పెరిగిన తెలుగుకు కూడా సొంత అందం ఉందని తెలుస్తుంది. ఇవి పరీక్షలో రావు. కానీ తెలుగు మనదే అనే ధైర్యం ఇలాంటి పుస్తకాల నుంచే వస్తుంది. భాషా మైనారిటీ బడి ఉన్నది అసలు అందుకే.

తెలుగు అలమర పెడితే పిల్లలు కన్నడానికి దూరమవుతారని కొందరి భయం. మేం దీన్ని తిరగేసి చూడమంటాం. ఈ రెండు లిపులూ ఒకే చెట్టు కొమ్మలు. తెలుగు ధారాళంగా చదివే పిల్లకు కన్నడం కూడబలుక్కోవడం కొద్ది వారాల పని. చందమామ కన్నడంలో కూడా వచ్చేది. అదే కథ, అదే బొమ్మ, లిపి మాత్రం వేరు. నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలూ, 2004లో ఈ ఊళ్ళోనే మొదలైన ప్రథమ్ బుక్స్ పుస్తకాలూ అంతే. ఒకే పుస్తకం రెండు భాషల్లో దొరికితే పక్కపక్కన పెట్టండి. పిల్లలు తమంతట తామే ఇటునుంచి అటు దాటతారు. ఇంట్లో తమిళం మాట్లాడిన మాస్తి, మరాఠీ మాట్లాడిన బేంద్రే కన్నడంలో రాసి జ్ఞానపీఠం అందుకున్న నేల ఇది. ఇక్కడ ఇంటి భాష బలంగా ఉండటం ఊరి భాషకు ఎన్నడూ అడ్డు కాలేదు.

వచ్చే అభ్యంతరాలు

పాత పుస్తకాలు అడిగితే జనం చెత్త ఇస్తారన్నది మొదటి మాట. నిజమే. పదేళ్ళ కిందటి ఎంసెట్ గైడ్లు, బ్యాంకు పరీక్షల బిట్లు, పేజీలు రాలిపోతున్న వారఫలాల పుస్తకాలు వస్తాయి. అందుకే తీసుకునేవాళ్ళకు వద్దనే ధైర్యం ఉండాలి. మేం పెట్టుకున్న కొలత ఒకటే: మన సొంత పిల్లకు ఇవ్వనిది ఇంకొకరి పిల్లకు ఇవ్వకూడదు. ఈ మాట ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. వచ్చినవాటిలో సగం పక్కన పెట్టాల్సి వచ్చినా మిగిలిన సగం లాభమే.

రెండోది బీరువా తాళం. బడిలో పుస్తకం స్టాకు రిజిస్టరుకు ఎక్కిందంటే అది పోతే జవాబు చెప్పాల్సింది టీచరు. కాబట్టి పుస్తకాలు భద్రంగా ఉంటాయి, ఎవరూ చదవరు. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. ఇలా పోగైన పుస్తకాలను ఆ రిజిస్టరుతో కలపకుండా, వేరే చిన్న నోటుబుక్కులో పిల్లలే రాసుకునేలా పెట్టాలి. ఏడో తరగతి పిల్లలకు ఆ బాధ్యత అప్పగిస్తే పెద్దవాళ్ళకన్నా కచ్చితంగా లెక్క చూస్తారు. ఏడాదికి కొన్ని పుస్తకాలు తిరిగి రావు. రాకపోతే ఏం? ఏదో ఒక ఇంట్లో ఉంటాయి. బీరువాలో చెదలు తిన్న పుస్తకం కన్నా పిల్ల ఇంట్లో ఉండిపోయిన పుస్తకం నయం.

మూడోది బరువైన ప్రశ్న. పాత పుస్తకం చేయి మారితే రచయితకు పైసా రాదు. తెలుగులో వెయ్యి కాపీలు వేసి, అమ్ముకోలేక ఇంట్లో పెట్టుకున్న రచయితలు ఎందరో ఉన్నారు. వాళ్ళకు అన్యాయం కాదా? మా జవాబు ఇది. మార్కెట్లో దొరుకుతున్న పుస్తకం కొనగలిగినవాళ్ళు కొత్తదే కొనాలి. దొంగ పీడీఎఫ్‌లు తిప్పుకోవడం, మొత్తం పుస్తకం జిరాక్సు తీయించడం పంచుకోవడం కిందికి రావు. కానీ పాత పుస్తకాల దగ్గర పుట్టని పాఠకుడు కొత్త పుస్తకాల షాపులోకి ఎక్కడినుంచి వస్తాడు? పదేళ్ళప్పుడు అట్ట ఊడిన పుస్తకం చదివినవాడే పాతికేళ్ళప్పుడు పుస్తక ప్రదర్శనకు సంచీ పట్టుకుని వెళతాడు. రచయితకు పాత పుస్తకం వల్ల కలిగే నష్టం చిన్నది. చదివేవాళ్ళు లేకపోవడం వల్ల కలిగే నష్టానికి అంతు లేదు.

ఇక ఫోనులో అన్నీ దొరుకుతుంటే ఈ మోత ఎందుకనేవాళ్ళు ఉన్నారు. అచ్చులో లేని పుస్తకాలను స్కాన్ చేసి ఉంచినవాళ్ళకు మనం దండం పెట్టాల్సిందే. పరిశోధన చేసే పెద్దవాళ్ళకు అది వరం. ఎనిమిదేళ్ళ పిల్లకు మాత్రం ఫోనులో కథ పక్కనే ఆట ఉంటుంది, కథ ఓడిపోతుంది. పైగా ఫోను అమ్మది లేదా నాన్నది. పుస్తకం తనది. చదివాక చెల్లికి ఇచ్చే అధికారం కూడా తనదే.

ఈ వేసవికి చేయగలిగింది

మేం అడుగుతున్నవి పెద్ద పనులు కావు. అపార్టుమెంటు సంఘాలు ఏప్రిల్, మే నెలల్లో వాచ్‌మన్ గది పక్కన ఒక పెట్టె పెట్టి, తెలుగు, కన్నడ పుస్తకాలు ఇందులో వేయమని రాస్తే చాలు. పీజీ హాస్టళ్ళు నడిపేవాళ్ళు గది ఖాళీ చేస్తున్న కుర్రవాళ్ళను ఒక మాట అడగాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఒకటో రెండో మంచి పుస్తకాలు చాలామంది దగ్గర ఉంటాయి. పాత పేపర్ల కొట్టు యజమానితో స్నేహం చేయండి. తూకం ధర మీద కాస్త ఎక్కువ ఇస్తామంటే తెలుగు అక్షరం కనబడ్డ పుస్తకాన్ని పక్కన పెడతాడు. అది అతనికి కూడా లాభమే.

వచ్చిన పుస్తకాలను ఒక పూట నీరెండలో ఆరబెట్టాలి. మైదా జిగురు, పాత అట్టలు, గట్టి దారం ఉంటే పిల్లల చేతే బాగుచేయించవచ్చు. తన చేత్తో అట్ట వేసిన పుస్తకాన్ని ఏ పిల్లా చింపదు. మధ్యలో నాలుగు ఎండు వేపాకులు పెడితే పురుగు రాదని పెద్దవాళ్ళు చెబుతారు. శనివారం ఒంటిపూట బడిలో చివరి గంట ఈ పుస్తకాలకు ఇవ్వాలని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాం. ఆ గంటలో ప్రశ్నలు వద్దు, సారాంశం రాయమనవద్దు, నీతి అడగవద్దు. నచ్చకపోతే సగంలో ఆపి ఇంకోటి తీసుకునే స్వేచ్ఛ ఇవ్వండి. టీచరు కూడా తనకోసం ఒక పుస్తకం తీసుకుని కూర్చుంటే అంతకు మించిన పాఠం లేదు.

చట్టం మాట కూడా ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలంటుంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని చెప్పింది. ఆ తీర్పు మీద పెద్దలు వాదించుకుంటారు. కానీ మనకు మినహాయింపు ఇచ్చింది మన బడిని మన భాషకు తగ్గట్టు నడుపుకోమని. కథల పుస్తకం లేకుండా నడుపుకోమని కాదు. అలాగే 1965 నాటి కర్ణాటక పబ్లిక్ లైబ్రరీల చట్టం కింద మనం ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. దగ్గరలోని ప్రభుత్వ గ్రంథాలయంలో తెలుగు అర ఉందా అని అడగడం మన హక్కు. అడగడానికి వెళ్ళినప్పుడు నాలుగు మంచి పుస్తకాలు చేత పట్టుకుని వెళ్ళడం మన మర్యాద.

కర్ణాటకలో పదో తరగతి దాకా తెలుగు మొదటి భాషగా చదివే అవకాశం ఇంకా ఉంది. దాన్ని నిలుపుకోవడానికి విజ్ఞాపనలు ఇస్తున్నాం, ఇస్తూనే ఉండాలి. అయితే పరీక్ష కోసం మాత్రమే చదివిన భాష పరీక్షతోనే వెళ్ళిపోతుంది. పదో తరగతి అయ్యాక కూడా మన పిల్లలు తెలుగు పుస్తకం తెరవాలంటే, అంతకు ముందే వాళ్ళకు ఒక్క పుస్తకమైనా మార్కులు లేకుండా నచ్చి ఉండాలి. ఆ ఒక్క పుస్తకం ఏదో మనం ముందుగా చెప్పలేం. మీ అటక మీద ఉన్నదే అయుండవచ్చు. ఈ ఆదివారం ఒకసారి దించి చూడండి.